చూసిందే చెప్పమన్న టీచరమ్మ

టీచరమ్మ పోయిన సంగతి నాకు చర్ల బస్సు కండక్టర్ చెప్పాడు. భద్రాచలం బస్టాండులో టికెట్ చింపుతూ, మధ్యలో ఎవరినో తిడుతూ చెప్పాడు.

"మీ ఇంగ్లిష్ టీచరమ్మ పోయిందంట గదా తమ్మీ. దవాఖానల. జరమంట. జర ఎనక్కి జరుగుండ్రి, ఆ మేకను సీటు మీదికెల్లి దింపుండ్రి!"

ఆమె గనక వినుంటే ఈ వార్తను తిప్పి పంపేది. "అంట ఏంటి నాయనా, అంట? నువ్వు చూశావా? చూడని వాడు చెప్తే అది కబురు. చూసినవాడు చెప్తేనే వాక్యం" అనేది. నేను చూడలేదు. కండక్టరూ చూడలేదు. మెదడుకెక్కిన మలేరియా అని డాక్టరు చెప్పేసరికే ఆలస్యమైందట. సత్తుపల్లి నుంచి తమ్ముడు వచ్చి, దవాఖానా నుంచి అటే వ్యాన్‌లో తీసుకుపోయాడట. ఎన్ని 'అట'లో చూడండి. ఆమె లెక్క ప్రకారం ఆమె ఇంకా చనిపోలేదు. ఈ స్మృతి రాయడానికి నాకు అర్హత కూడా లేదు. అయినా రాస్తున్నాను. కింద రాసినవన్నీ మాత్రం నేను చూసినవే.

ఆశ్రమ పాఠశాలలో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాక, సొంతూరు పోకుండా మా ఊరి చివర రోడ్డు పక్కన కిరాయి ఇంట్లో ఉండిపోయింది టీచరమ్మ. ఎందుకుండిపోయిందని అడిగితే "ఇక్కడ గాలి బాగుంది" అనేది. ఆ గాలి ఒక వైపు పోలీసు క్యాంపు మీదుగా, ఇంకో వైపు అడవి మీదుగా వచ్చేది. రెండు వైపులా తుపాకులే. మధ్యలో టీచరమ్మ, ఒక నల్ల గొడుగు, ఒక రేడియో, బియ్యం డబ్బాలో ఒక డిక్షనరీ. డిక్షనరీ బియ్యం డబ్బాలో ఎందుకంటే బయట పెడితే చెదలు తింటాయి. చెదలకు ఇంగ్లిష్ ఎందుకని ఆమె అభిప్రాయం.

డిగ్రీ పాసై, ఆ పాసవడం వల్ల ఏం చేయాలో తెలియక అరుగులు అరగదీస్తున్న మాలాంటి వాళ్ళం ఆమె దగ్గర చేరాం. బ్యాంకు పరీక్షలో మాటలకు అర్థాలడుగుతారు. హైదరాబాద్ కాల్ సెంటర్‌లో అయితే ఏకంగా మాట్లాడమంటారు. నాకు అప్పటికి వచ్చిన పెద్ద ఇంగ్లిష్ మాటలు రెండు: ఒకటి అప్లికేషన్, ఇంకోటి రిజెక్టెడ్.

ఆమె ఇంటి ఎదురుగా తునికాకు కల్లం ఉండేది. ఎండాకాలం జనం అడవిలో బీడీ ఆకు కోసి, యాభై ఆకులకొక కట్ట కట్టి తెచ్చి, ఇసుక మీద వరసలుగా పరిచి ఎండబెట్టేవాళ్ళు. రోజూ తిరగేయాలి. తిరగేయని కట్ట లోపల బూజు పడుతుంది, కొనేవాడు పక్కకు తోసేస్తాడు. టీచరమ్మ మాకు ఇంగ్లిష్ నేర్పిన పద్ధతి అచ్చంగా ఇదే. పాత క్యాలెండర్లు చీటీలుగా కత్తిరించి, చీటీకో మాట రాయించి, యాభై మాటలకో కట్ట కట్టించింది. సాయంత్రాలు ఆ కట్టలు విప్పి వరండా మీద పరిచి, ఎగిరిపోకుండా గులకరాళ్ళు పెట్టి, ఎవరి మాటలు వాళ్ళు తిరగేసుకోవాలి. "మాట ఒకసారి కోసుకొస్తే నీదైపోదు నాయనా. తిరగెయ్యి. బూజు పట్టిన మాట పరీక్షలో గబుక్కున నోటికి రాదు, వచ్చినా కంపు కొడుతుంది."

రోడ్డు మీద పోయే ముసలమ్మలు మా చీటీలు, రాళ్ళు చూసి చేతబడి అనుకుని కాస్త దూరంగా నడిచేవాళ్ళు. ఒకావిడ ఆగి, మొగుడి తాగుడు మాన్పించే చీటీ ఏదన్నా ఉందా అని అడిగింది. టీచరమ్మ డిక్షనరీ తీసి నిజంగానే వెతికింది. "అబ్‌స్టినెన్స్" అని రాసి ఇచ్చింది. మానుకోవడం అని అర్థం. ఆ చీటీ గుడిసె చూరుకు వేలాడటం నేను చూశాను. మొగుడు మాత్రం దాని కిందే కూర్చుని తాగేవాడు.

ఇక ఆమె అసలు నియమం. ప్రతి మాటతో ఒక వాక్యం చెప్పాలి. ఆ వాక్యం నిజమై ఉండాలి. అది ఆ రోజు మన కళ్ళతో చూసిందై ఉండాలి. డిక్షనరీలో రాజుల గురించి ఓడల గురించి వాక్యాలుంటే ఆమెకు ఒళ్ళు మంట.

"మై ఫాదర్ ఈజ్ మాగ్నానిమస్" అన్నాను నేను. ఉదారమైనవాడు అని.

"ఇవాళ ఏం ఔదార్యం చూపించాడు?"

"ఇయ్యాల ఏం జూపలే టీచర్."

"నిన్న?"

"ఆయన చూపినప్పుడు చెప్త టీచర్."

"అయితే ఆ చీటీ పక్కన పెట్టు. మీ నాన్నకు టైం ఇద్దాం."

ఆ చీటీ చాలాకాలం పక్కనే ఉంది. సారక్కకు మాత్రం ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. సారక్క మా ఊరి దుకాణం వాళ్ళ అమ్మాయి, డిగ్రీ ఇంకా ఆఖరి సంవత్సరమే, నాలుక కత్తెర. వొరేషియస్ అంటే తిండిపోతు అని తెలిసిన మరుక్షణం నా వైపు చూపించి, ఇవాళ్టి పెళ్ళి భోజనంలో తను చూసింది చూసినట్టు ఇంగ్లిష్‌లో చెప్పింది. టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ "వాక్యం నిర్దోషం" అని తీర్పిచ్చింది.

మూడోవాడు సమ్మయ్య. వాగు అవతల గూడెం. వాళ్ళింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాడు. పొడుగ్గా, నెమ్మదిగా ఉండేవాడు. మాకు ఇంగ్లిష్ రెండో భాషయితే వాడికి మూడోది. ఇంట్లో వేరే మాట, ఊళ్ళో తెలుగు, వరండా మీద ఇంగ్లిష్. వాడికి అబద్ధం చెప్పడం ఏ భాషలోనూ సరిగ్గా రాదు. మేం ముగ్గురం చివరి దాకా మిగిలిన వాళ్ళం.

ఇప్పుడు పాఠకులు గమనించాల్సిన విషయం ఒకటుంది. మా ప్రాంతంలో కళ్ళతో చూసింది నోటితో చెప్పే అలవాటు లేదు. వాగు దగ్గర ఎవరు కనపడ్డారు అని అడిగితే "బర్రెలు" అంటాం. ఏ బండి పోయింది అంటే "చూడలే" అంటాం. చంటిపిల్లలక్కూడా అమ్మ, నాన్న తర్వాత మూడో మాట "తెల్వదు". అలాంటి చోట టీచరమ్మ రోజూ సాయంత్రం రోడ్డు పక్కన కూర్చోబెట్టి, ఇవాళ ఏం చూశారో బిగ్గరగా, ఉచ్చారణ తప్పకుండా చెప్పండి అనేది. మాకది తట్టనే లేదు. ఇంగ్లిష్‌లో చెప్తున్నాం కదా, ఇంగ్లిష్ ఎవరికొచ్చులే అనుకున్నాం. పరాయి భాషలో చెప్తే అది నిజంగా చెప్పినట్టు కాదని మా ధీమా.

ఆ ఎండాకాలం ఒకతను రావడం మొదలుపెట్టాడు.

మోటార్‌సైకిల్ కల్లం పక్కన ఆపేవాడు. నంబర్ ప్లేటు మీద ఎప్పుడూ బురదే, వాన చుక్క పడని రోజుల్లో కూడా. వరండా మెట్టు మీద కూర్చుని వినేవాడు. రాసుకునేవాడు కాదు, మాట్లాడేవాడు కాదు. మొదటిరోజు టీచరమ్మ స్టీలు గ్లాసుతో మంచినీళ్ళిచ్చి "ఏం కావాలి బాబూ?" అంటే "ఇంటున్న" అన్నాడు. అంతే. నీళ్ళు తాగి గ్లాసు బోర్లించాడు. తర్వాత ఎప్పుడొచ్చినా అదే. నీళ్ళు, వినడం, బోర్లించిన గ్లాసు.

మా ఊళ్ళో మనిషిని కాళ్ళ నుంచి చదువుతారు. బూట్లయితే క్యాంపు. అరిగిన కాన్వాసు షూ అయితే అడవి. ఇతను తోలు చెప్పులేసుకున్నాడు.

"ఇన్సూరెన్స్ ఏజెంటేమోరా" అన్నాను.

"ఇన్సూరెన్సోడు గింత సేపు నోరు మూసుకొని కూసుంటడా?" అంది సారక్క.

"టీచరమ్మా, ఆయన ఎవరు?" అని సమ్మయ్య అడిగాడు.

"విద్యార్థి" అంది టీచరమ్మ. "వచ్చి కూర్చున్నవాడు విద్యార్థే."

అయినా అతను వచ్చిన రోజుల్లో ఆమె గొడుగు తీసి ఒళ్ళో పెట్టుకునేది. ఎండా లేదు, వానా లేదు. నేను చూశాను.

ఒక సాయంత్రం ఆమె ఇచ్చిన మాట ఆమినస్. ఏదో కీడు రాబోతోందని తెలిపేది అని అర్థం. కల్లంలో కూలీలు లేరు. ఆకుల మీద గాలి గరగరమంటోంది. అతను మెట్టు మీద ఉన్నాడు. సారక్క కొట్టం మీద కూసిన గుడ్లగూబ గురించి చెప్పింది, పగటిపూట గుడ్లగూబ ఏంటని టీచరమ్మ కొట్టేసింది. సమ్మయ్య లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఒక్కో మాటా పలుకుతూ చెప్పాడు.

"టుడే ఐ సా ఫ్రెష్ మడ్ అండర్ ది కల్వర్ట్. ఇట్ ఈజ్ ఆమినస్."

ఇవాళ కల్వర్టు కింద కొత్తగా తవ్వి పూడ్చిన మన్ను చూశాను, అది కీడు.

వాగు దాటి క్లాసుకొచ్చే దారి ఆ కల్వర్టు కింది నుంచే. వాడు నిజంగానే చూశాడు. చూశాడు కాబట్టి చెప్పాడు. పైగా తప్పుల్లేకుండా చెప్పాడు. చెప్పాక వాడి మొహంలో మెప్పు కోసం ఎదురుచూపు ఒక్క క్షణం ఉంది. మరుక్షణం తనేం చెప్పాడో వాడికే అర్థమైంది. మెట్టు మీద మనిషి తల తిప్పి మొదటిసారి వాడి వైపు పూర్తిగా చూశాడు.

టీచరమ్మ గొడుగు కర్రతో నేల మీద కొట్టింది.

"సిగ్గు లేదూ? నిన్న నేను చెప్పిన వాక్యం అది. నేను చూసింది. నా వాక్యం ఎత్తుకొచ్చి నాకే చెప్తావా? కాపీ కొట్టడానికి కల్వర్టే దొరికిందా? కూర్చో!"

నిన్న ఆమె ఆ వాక్యం చెప్పలేదు. నిన్నసలు క్లాసే లేదు. సమ్మయ్య నోరు తెరిచాడు. సారక్క వాడి చొక్కా పట్టి కిందికి లాగింది. అతను నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, బండెక్కి వెళ్ళిపోయాడు. టీచరమ్మ నోటి వెంట నేను విన్న మొదటి అబద్ధం అది. చాలా పెద్దది, చక్కగా పలికింది.

అతను ఎటు మనిషో ఆ రాత్రితో తేలిపోతుందనుకున్నాం. క్యాంపు మనిషైతే వాళ్ళు వచ్చి తవ్వుతారు. అడవి మనిషైతే వాళ్ళే వచ్చి పూడ్చింది తీసుకుపోతారు. ఎవరూ రాలేదు. తెల్లారి మన్ను అక్కడే ఉంది.

నేనా పొద్దున బ్యాంకు పరీక్ష ఫారం కోసం భద్రాచలం పోదామని మొదటి బస్సు ఎక్కాను. ఊరు దాటామో లేదో బ్రేకు పడింది. కల్వర్టుకు ఇవతల, నడిరోడ్డు మీద, నల్ల గొడుగు వేసుకుని టీచరమ్మ నిలబడి ఉంది.

"కల్వర్టు కుంగింది. చేలోంచి తిప్పు" అంది.

డ్రైవర్ తల బయట పెట్టాడు. "ఏడ కుంగింది టీచరమ్మా? మంచిగనే ఉన్నది గద."

"మంచిగా ఉంటే దిగి దాని మీద గెంతు నాయనా. నేను చూస్తా."

డ్రైవర్ ఆమె మొహం చూశాడు. కల్వర్టు వైపు చూశాడు. మా ఊరి రూట్లో తిరిగే డ్రైవర్‌కు కొన్ని మాటలకు అర్థాలు డిక్షనరీ లేకుండానే తెలుసు. అందర్నీ దింపి, ఖాళీ బస్సును ఎండిన చేలోంచి వాగులోకి దించి అవతలికి ఎక్కించాడు. మేం దూరంగా చుట్టూ తిరిగి నడిచాం. ఒక పసివాడు "అమ్మా, ఏంది?" అంటే తల్లి వాడి నోరు మూసింది. అది ఏ క్యాంపు జీపు కోసం పెట్టిందో గానీ, మందుపాతరకు జీపూ బస్సూ తేడా తెలియదు కదా.

కబురు బస్సుతో పాటే పోయింది. మధ్యాహ్నానికి క్యాంపు వాళ్ళొచ్చి రోడ్డు మూసి, తవ్వి, గోనె పట్టా కప్పి ఏదో తీసుకుపోయారు. గోనె పట్టా వరకే నేను చూశాను.

ఆ తర్వాత క్యాంపు వాళ్ళు ఆమెను పిలిపించారు. మన్ను చూసింది ఎవరు, పెట్టినవాళ్ళను కూడా చూసే ఉంటారు కదా అని వాళ్ళ అనుమానం. వరండా మీద చీటీల కట్టలన్నీ ఆమెతో పాటే తీసుకుపోయి, అది రహస్య భాషేమోనని చూశారు. సాయంత్రానికి ఆమె కట్టలు చంకలో పెట్టుకుని తిరిగొచ్చింది.

"ఏమన్నరు టీచర్?"

"టీ ఇచ్చారు. పంచదార ఎక్కువ."

మరి కొన్నాళ్ళకు ఆకు కోతకు పోయే ఆడవాళ్ళతో అడవి లోపలి నుంచి కబురొచ్చింది. అక్కడికీ పోయింది, గొడుగేసుకుని, ఒక్కతే. మేం ముగ్గురం కల్లం దగ్గర కూర్చుని దారి చూస్తున్నాం. సమ్మయ్య "నేను పోయి చెప్త, చూసింది నేనే అని చెప్త" అని ఒకటే లేవడం, సారక్క "కూసో, నువ్వు చెప్తే ఆమె చెప్పింది అబద్ధమైతది, ఇద్దరూ పోతరు" అని కూర్చోబెట్టడం. చీకటి పడకముందే ఆమె వచ్చింది. చెప్పుకు ముల్లు దిగి కుంటుతోంది.

"ఏమన్నరు టీచర్?"

"టీ ఇవ్వలేదు" అంది. సమ్మయ్య వైపు చూడకుండా, "రెండు చోట్లా ఒకటే ప్రశ్న నాయనా. నేనూ ఒకటే జవాబు చెప్పాను. చూసింది నేను. అయిపోయింది."

అయిపోలేదని ఆమెకూ తెలుసు. మర్నాటి నుంచి నియమం కొంచెం మారింది. "నిజమే చెప్పండి. చూసిందే చెప్పండి. మేకలున్నాయి, మబ్బులున్నాయి, ఆకులున్నాయి. మనుషుల జోలికి, మన్ను జోలికి పోకండి. నిజం చాలా ఉంది, అందులోంచి ఏరుకోండి." అలా మా ఇంగ్లిష్ పూర్తిగా మేకలమయం అయింది. నాకు మేక గురించి ఎన్ని విశేషణాలొచ్చో ఖమ్మంలో ఉద్యోగమిచ్చిన వాళ్ళకు తెలియదు. అతను మాత్రం వస్తూనే ఉన్నాడు. మేకల గురించి అంతే శ్రద్ధగా విన్నాడు.

వానలు పట్టాయి. కల్లం ఖాళీ అయింది. నేను ఖమ్మంలో సెల్‌ఫోన్ కంపెనీ ఆఫీసులో చేరాను. పోయే రోజు ఆమె నా మాగ్నానిమస్ చీటీ తీసి నా జేబులో పెట్టింది. "బస్సు టికెట్ మీ నాన్నే కొన్నాడు కదా. నేను చూశా. ఇప్పుడు చెప్పుకో." అదే చివరిసారి చూడడం. రెండు వైపులా తుపాకులున్న ఊళ్ళో, రెండు వైపులా జవాబు చెప్పి తిరిగొచ్చిన మనిషిని ఒక దోమ తీసుకుపోయింది. ఇది చూసింది కాదు, కాబట్టి వాక్యం కాదు, కబురు. కానీ ఆ దోమ మీద నాకున్న కోపం మాత్రం నిజం.

కండక్టర్ చెప్పిన ఆ రోజే ఊరికి పోయాను. ఆమె ఇంటికి తాళం లేదు. సారక్క, సమ్మయ్య అప్పటికే వరండా మీద ఉన్నారు. తేమకు చీటీల మీద నిజంగానే బూజు పట్టింది. వాన ఆగి కాస్త ఎండ వచ్చిందని సారక్క కట్టలు విప్పి పరుస్తోంది. గొడుగు గోడకు ఆనించి ఉంది. బియ్యం డబ్బా మూత గట్టిగా పెట్టి ఉంది. ఎవరం ఏడవలేదు. ముగ్గురం చీటీలు తిరగేస్తూ కూర్చున్నాం.

మోటార్‌సైకిల్ వచ్చి ఆగింది.

అతను మెట్టు మీద కూర్చున్నాడు. నీళ్ళిచ్చేవాళ్ళు లేరు. కాసేపు చూసి, "టీచరమ్మ లేదా?" అన్నాడు.

"పోయింది సార్. జరమొచ్చి" అన్నాను.

తలూపాడు. చెప్పు అంచుకు అంటిన బురదను పుల్లతో గీకుతూ, తలెత్తకుండా సమ్మయ్యను అడిగాడు.

"ఆ రోజు మన్ను సంగతి నిలబడి చెప్పింది నువ్వే గదా తమ్మీ. చూసింది ఎవరు?"

ఇన్నాళ్ళూ ఈ ప్రశ్న ఆమె దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు ఆమె లేదు. సమ్మయ్య చేతిలోని చీటీని కింద పెట్టాడు. వాడికి అబద్ధం రాదు. ఆ సంగతి మాకు తెలుసు, టీచరమ్మకు తెలుసు, ఆ మెట్టు మీద ఇన్ని నెలలు కూర్చున్న మనిషికీ తెలిసే ఉంటుంది.

"టీచరమ్మ చూసింది" అంది సారక్క.

"టీచరమ్మే సార్" అన్నాను నేను.

అతను సమ్మయ్య వైపే చూస్తున్నాడు.

సమ్మయ్య లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. అప్పజెప్పేటప్పుడు ఎలా నిలబడతాడో అలాగే.

"చూసింది టీచరమ్మ సార్. నాది కాపీ."

వాడి గొంతులో ఒక్క జీర లేదు. ఆమె నేర్పిన ఉచ్చారణ అది.

"ఇప్పుడు ఆమెను అడగలేం గద" అన్నాడు అతను.

"అవ్ సార్. అడగలేం."

అతను వరండా మీదికి వంగి ఒక గులకరాయి పక్కకు జరిపాడు. కింద ఉన్న చీటీ తీసి, బూజు ఊది, అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. "యునానిమస్. అంటే ఏంది?"

సారక్క ముందుకు జరిగింది. "అందరూ ఒక్కటే మాట అనుడు సార్."

అతను చీటీ రెండు వైపులా చూశాడు. మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు. తర్వాత, ఇన్నాళ్ళలో మొదటిసారి, క్లాసులో నోరు విప్పాడు.

"టుడే ఐ సా త్రీ యునానిమస్ పీపుల్."

ఇవాళ ఒక్కటే మాట మీదున్న ముగ్గుర్ని చూశాను. ఇవాళ్టిది. కళ్ళతో చూసింది. నిజం. టీచరమ్మ ఉంటే దానిలో తప్పు పట్టలేకపోయేది.

చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. అలవాటు కొద్దీ గ్లాసు కోసం చెయ్యి చాపి, అది లేదని గుర్తొచ్చి, లేచి బండి స్టార్ట్ చేశాడు.

బండి శబ్దం ఊరు దాటింది. కల్వర్టు దాకా పోయి, సమ్మయ్య గూడేనికి పోయే దారిలోనే, ఆగిపోయింది. మళ్ళీ స్టార్టయితే ఇక్కడికి వినపడుతుంది, అంత దూరమేమీ కాదు. సమ్మయ్య కట్టుకున్న చేతులు విప్పకుండా అటే చెవి పెట్టి నిలబడ్డాడు. సారక్క ఒక చీటీ తగ్గిన కట్టను మళ్ళీ మొదటి నుంచి, ఒక్కొక్కటే, తిరగేస్తోంది. గోడకు ఆనిన గొడుగు కొస నుంచి, ఇందాకటి వాన జల్లు నీళ్ళు, ఇంకా కారుతూనే ఉన్నాయి.